15 చుక్కలు, 8 వరకు: లోరా కెమెరా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 16

నిన్నటి నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజన్ బోట్లు సముద్రంలోకి దిగకూడదు. మోటారు లేని తెప్పలకి మాత్రం మినహాయింపు. వైజాగ్‌లో పెదజాలరిపేట ఒడ్డున ఫైబర్ బోట్లన్నీ ఇసుక మీదకి లాగి పెట్టేశారు. మా ఫ్రెండు బోటు కూడా అందులోనే ఉంది. వాణ్ణి పాలిటెక్నిక్ రోజుల నుంచీ బావా అనే పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను.

ఈ పని మొదలైంది బావ మాటల్లో దొర్లిన ఒక సంగతితో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వైజాగ్ మీద తీరం దాటినప్పుడు వాళ్ల ఇంటిల్లిపాదీ పైన బంధువుల ఇంట్లో ఉన్నారట. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. "బోటు ఉందో పోయిందో తెలీక ప్రాణం కొట్టుకుపోయింది బావా. ఒక్క ఫోటో కనబడితే చాలనిపించింది."

ఆ ఒక్క ఫోటో కోసమే ఇదంతా. వాళ్ల డాబా మీద బ్యాటరీతో నడిచే చిన్న కెమెరా బోర్డు, ఎంవీపీ కాలనీలో మా డాబా మీద రిసీవరు. మధ్యలో ఏ టవరూ అక్కర్లేని లోరా రేడియో. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మన దగ్గర లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. (అంత గాలికి డాబా మీద కెమెరా నిలుస్తుందా అని ఇప్పుడే అడక్కండి. ముందు బొమ్మ రానివ్వండి.)

లోరా చాలా దూరం పోతుంది, కాకపోతే నత్తనడక. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఒక్కో సంకేతాన్ని ఎంత సాగదీసి పంపాలో చెప్పే అంకె) 12 పెడితే సెకనుకు 293 బిట్లు. 7 పెడితే 5,469 వస్తాయి గానీ అందే దూరం తగ్గుతుంది. ఒక ప్యాకెట్‌లో 255 బైట్లకి మించి పట్టవు. కెమెరా ఇచ్చే 320×240 నలుపు తెలుపు బొమ్మ 76,800 బైట్లు. ఉన్నదున్నట్టు 12లో పంపితే ఒక్క బొమ్మకి 35 నిమిషాలు.

జేపెగ్ చేసి పంపొచ్చు కదా అని ఎవరైనా అంటారు. నేనూ అనుకున్నాను. కానీ జేపెగ్‌లో ఒక్కో అంకెకి ఒక్కో పొడవు బిట్లు ఉంటాయి. దారిలో ఒక ప్యాకెట్ పోతే ఎక్కడ ఏ అంకె మొదలైందో లెక్క తప్పుతుంది, అక్కణ్ణుంచి కింది బొమ్మంతా గజిబిజి అవుతుంది. దానికి మధ్యమధ్యలో గుర్తులు పెట్టే మందు ఉంది, నిజమే. అయినా నాకు చాన్నాళ్లుగా ఇంకో పద్ధతి చేసి చూడాలని ఉంది. ఇరవై పిక్సెళ్లకి ఒకటి మాత్రం పంపడం, మిగతా పందొమ్మిదీ అవతలివైపు నింపుకోవడం. అందులో ఒక ప్యాకెట్ పోయినా కొన్ని చుక్కలు తగ్గుతాయి, అంతే. నింపేపని ఎలాగూ ఉన్నదే.

ఏప్రిల్ 19

కంప్యూటర్ ముట్టుకునే ముందు రూళ్ల పుస్తకంలో చేత్తో చేసి చూశాను. ఒకే వరుస, ఐదు పిక్సెళ్లు. రెండు కొసలూ తెలుసు: 40, 120. మధ్య మూడూ ఖాళీ.

రూలు ఒక్కటే. ఖాళీ పిక్సెల్ విలువ దాని పక్కనున్న రెండింటి సగటు. ఖాళీలన్నీ సున్నాతో మొదలుపెట్టి, ఒక్కో విడతలో మూడింటినీ పాత విలువలతోనే లెక్కగడుతూ పోయాను. మొదటి విడత: 20, 0, 60. రెండు: 20, 40, 60. మూడు: 40, 40, 80. నాలుగు: 40, 60, 80. అలా ఎనిమిదో విడతకి 55, 75, 95 దాకా వచ్చింది. చివరికి చేరాల్సింది 60, 80, 100. ఇనపఊచకి ఒక కొస 40 డిగ్రీల దగ్గర, ఇంకో కొస 120 దగ్గర ఆపి పట్టుకుంటే మధ్యలో వేడి ఎలా సర్దుకుంటుందో అదే లెక్క. పుస్తకాల్లో లాప్లాస్ సమీకరణం అంటారు. బొమ్మలో అయితే పక్కవాళ్లు నలుగురు: పైన, కింద, కుడి, ఎడమ.

చేత్తో చేసినందుకు ఒక లాభం: ఇది ఎందుకు నిదానమో కళ్లతో చూశాను. 120 అనే కబురు ఒక్కో విడతకి ఒక్కో గడే కదులుతుంది. బొమ్మలో ఆకాశం లాంటి చోట చుక్కకీ చుక్కకీ మధ్య బోలెడు దూరం. పైథాన్‌లో రాసి ఆడిస్తే వందల విడతలు తిరిగినా ఆకాశం మధ్యలో నల్లటి గొయ్యి పూడలేదు. దానికి విరుగుడు: ముందు బొమ్మని 80×60కి కుదించి అక్కడ నింపి, ఆ జవాబుని సాగదీసి పెద్దదానికి మొదలుగా ఇవ్వడం. సున్నాతో మొదలెట్టడం మానేస్తే సగం పని అక్కడే అయిపోతుంది.

ఏప్రిల్ 24

బావ వాళ్ల డాబా మీంచి ఫోన్‌తో తీసిన ఫోటోని 320×240కి తగ్గించాను. ముందువరుసలో బావ బోటు, పక్కన వల కుప్ప, వెనకాల సముద్రం, కుడివైపు దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇకనుంచీ పరీక్షలన్నీ దీని మీదే.

5 శాతం అంటే 3,840 చుక్కలు. ఎక్కడ పడితే అక్కడ చల్లి మిగతాది నింపాను. బావకి పంపితే వెంటనే ఫోను.

"ఏటి బావా ఇది, మంచు కమ్మిందేటి?"

మంచు ఒక్కటే కాదు. దగ్గరగా చూస్తే ప్రతి చుక్క చుట్టూ చిన్న పొక్కులాగా ఉంది. ఒకే వరుస లెక్కలో ఇది రాలేదు. తాడుని మేకుకి కడితే మేకు నుంచి మేకుకి తిన్నగా నిలుస్తుంది. బొమ్మ అయితే పరిచిన గుడ్డ. గుడ్డని కింద నుంచి ఒక పిన్నుతో ఎత్తి చూడండి, పిన్ను దగ్గర మొనదేలి వెంటనే జారిపోతుంది. ఒక్క చుక్కకి గుడ్డని మోసే బలం ఉండదు. గణితంలో దీన్నే లాగరిథమ్ మొన అంటారు. నేను అరగంట సేపు నా కోడ్‌లోనే తప్పుందని వెతుక్కున్నాను.

చుక్కలు వరసగా పక్కపక్కన ఉంటే ఈ పొక్కులు కనపడవు. కాబట్టి చుక్కలు ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ అన్నదే ముఖ్యం. ఇది రాసుకున్న రోజు ఈ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని నాకు తెలీదు. అది మే నెలలో తెలిసొచ్చింది.

ఏప్రిల్ 30

నాలుగు రోజులు వృథా చేశాను. ఎలా చేశానో రాసుకుంటే ఇంకొకరికి పనికొస్తుంది.

బొమ్మలో ముఖ్యమైనవి అంచులు, కాబట్టి అంచుల మీదున్న పిక్సెళ్లే దాద్దాం అనుకున్నాను. చెవికి ఇంపుగానే ఉంది. ఎడ్జ్ డిటెక్టర్ తగిలించి, అది చూపించిన పిక్సెళ్లు దాచి, మిగతాది నింపితే బోటు మొత్తం వానలో తడిసిన పోస్టర్‌లా కారిపోయింది.

కారణం మళ్లీ రూళ్ల పుస్తకంలోనే దొరికింది. బోటు అంచు దగ్గర ఒక వరుస ఇలా ఉందనుకోండి: 40, 40, 120, 200, 200. నల్లటి బోటు, తెల్లటి ఇసుక, మధ్యలో లెన్సు కలిపేసిన ఒక్క పిక్సెల్. డిటెక్టర్ పట్టుకునేది ఆ 120నే. అది బోటూ కాదు, ఇసుకా కాదు. దాన్నే దాస్తే అటు బోటులోకీ ఇటు ఇసుకలోకీ 120 పాకుతుంది.

ఇప్పుడు అదే వరుసలో ప్రతి పిక్సెల్‌కీ పక్క రెండూ కూడి, దాని విలువకి రెట్టింపు తీసేయండి. రెండో గడిలో 40+120−80, అంటే 80. మధ్య గడిలో 40+200−240, అంటే సున్నా. నాలుగో గడిలో 120+200−400, అంటే −80. గుర్తు వదిలేస్తే అంచు మీద సున్నా, అంచుకి అటూ ఇటూ 80. ఈ లెక్క పేరు లాప్లాసియన్. అది పెద్దదిగా ఉన్నచోట చుక్క పెడితే గోడకి అటు ఒకటి, ఇటు ఒకటి పడతాయి. రెండువైపులా కాపలా ఉంటే ఏ రంగూ గోడ దాటదు.

ఇది నా తెలివేం కాదు. లాప్లాసియన్ పరిమాణం ఎంత ఎక్కువుంటే చుక్కలు అంత దట్టంగా పెట్టాలని బెల్హాచ్మీ, బుకుర్, బుర్గెట్, వైకెర్ట్ 2009లో గణితంతో సహా చూపించారు. ముందే చదివుంటే నాలుగు రోజులు మిగిలేవి. చదివి చేయడం నా జాతకంలో లేదు.

మే 5

దట్టం, పలచన అన్నది చుక్కలుగా మార్చాలి. దీనికి ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ 1976లో చెప్పిన డిథరింగే వాడాను. పేపర్లో ఫోటో నల్లచుక్కలతో బూడిదరంగు చూపిస్తుంది కదా, ఆ పని. ఒక పిక్సెల్ దగ్గర చుక్క పెట్టాలా వద్దా తేల్చి, మిగిలిన భిన్నాన్ని 16 వాటాలు చేసి కుడికి 7, కింద ఎడమకి 3, కిందికి 5, కింద కుడికి 1 పంచాలి. రెండు వరుసల జ్ఞాపకం చాలు, చిన్న బోర్డు కూడా మోయగలదు.

డాల్ఫిన్స్ నోస్ గీత కత్తితో కోసినట్టు వచ్చింది. బోటు మీద రాసిన అక్షరాలు కూడా గుర్తుపట్టేలా ఉన్నాయి. సంబరపడి చుక్కల పటం తెరిచి చూస్తే, సగానికి సగం చుక్కలు సముద్రంలో! ప్రతి నురగ తునకా లాప్లాసియన్‌కి పెద్ద విశేషమే. నాకు కావాల్సింది బోటు, అది చూసేది అలలు.

లాప్లాసియన్ తీసేముందు బొమ్మని గాసియన్‌తో కాస్త మసక చేస్తే నురగ అణిగింది, బోటు అంచు నిలిచింది. ఎంత మసక అన్నది చేతి అంచనాయే. ఎక్కువైతే బోటు తాళ్లు పోతాయి, తక్కువైతే సముద్రం చుక్కలన్నీ మింగేస్తుంది. మధ్యాహ్నం బొమ్మకి కుదిరిన మోతాదు పొద్దుటి బొమ్మకి కుదరలేదు, ఎందుకంటే ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, నీళ్లన్నీ తళతళలే. ప్రస్తుతానికి పొద్దుటి బొమ్మల సంగతి వదిలేశాను.

మే 11

ఈరోజు లెక్కలు. ఇన్నాళ్లూ "3,840 చుక్కలంటే 3,840 బైట్లు, ఇరవయ్యో వంతు" అని గొప్పగా చెప్పుకుంటున్నాను. విలువల వరకూ అది నిజమే. 256 మెట్లకి బదులు 32 మెట్లు చాలనుకుంటే చుక్కకి 5 బిట్లు, మొత్తం 2,400 బైట్లు. కంటికి తేడా తెలియలేదు.

కానీ ఏ చుక్క ఎక్కడుందో కూడా చెప్పాలిగా? 76,800 గడుల్లో ఒకదాని నంబరు చెప్పడానికి 17 బిట్లు. 3,840 చుక్కలకి 8,160 బైట్లు. అసలు కంటే కొసరు మూడు రెట్లు! పోనీ ప్రతి గడికీ చుక్క ఉందా లేదా అని ఒక్కో బిట్ ఇస్తే 9,600 బైట్లు, ఇంకా అన్యాయం. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి ఎన్ని గడుల దూరమో మాత్రం చెబుతూ పోతే కాస్త నయం. నూటికి ఐదు చొప్పున చల్లిన చుక్కల చోటు చెప్పడానికి ఎంత గింజుకున్నా గడికి 0.286 బిట్లు తప్పవని సమాచార సిద్ధాంతం చెప్పిన షానన్ లెక్క. అంటే 2,750 బైట్లు. అంటే ఎంత పొదుపుగా చెప్పినా, విలువల కన్నా చోట్లకే ఎక్కువ ఖర్చు. మొత్తం 5,150.

చుక్కల పటం తెర మీద పెట్టుకుని ఈ అంకెలు చూస్తూ కూర్చున్నాను. అమ్మ టీ తెచ్చి, నా భుజం మీంచి చూసింది.

"ఏ ముగ్గురా ఇది? చుక్కలు ఇలా చిందరవందరగా పెట్టేవేటి?"

ముగ్గు కాదమ్మా, ఫోటో అన్నాను. చుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్లో చెప్పాలంటే ఎలా చెబుతావు అని ఊరికే అడిగాను.

"దీన్ని ఎవరు చెప్పగలరు? మీ పిన్నికి నేను ఫోన్లో ఎన్ని ముగ్గులు చెప్పలేదు. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. అంతే. అది పెట్టేసుకుంటుంది."

టీ చల్లారిపోయింది. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు అంటే మధ్యవరుసలో 15, దానికి పైనా కిందా సందుల్లో 14, ఆపైన 13, అలా 8 దాకా. కూడితే 169 చుక్కలు. 169 చోట్లు మూడు ముక్కల్లో! పిన్ని ఒక్క చుక్క కూడా తప్పు పెట్టదు. చోట్లు చెప్పడం మానేసి, చోట్లు పుట్టే పద్ధతి చెప్పాలి.

మే 17

ముగ్గు మరీ క్రమంగా ఉంటే బోటు దగ్గరా ఆకాశంలోనూ ఒకే దట్టం అవుతుంది. కావాల్సింది క్రమం ఉండీ అక్కడక్కడ దట్టమయ్యే ముగ్గు.

చేసింది ఇది. మొత్తం బొమ్మని ఒక పెట్టె అనుకో. పొడుగ్గా ఉన్నవైపు సగానికి కోయి. ప్రతి ముక్కనీ చూసి, లోపల వెలుగుల తేడా ఎక్కువుంటే మళ్లీ సగానికి కోయి, లేకపోతే వదిలెయ్. వదిలేసిన ప్రతి పెట్టె నడిమధ్యన ఒక చుక్క. ఆకాశంలో పెద్ద పెట్టెలు, బోటు మీద బుల్లి పెట్టెలు. పంపాల్సింది "కోశాను, కోయలేదు" అనే ఒక్కో బిట్ మాత్రమే. చివరి పెట్టెలు 3,840 ఉంటే కోతలు 3,839, మొత్తం 7,679 బిట్లు. 960 బైట్లు! 2,750 ఎక్కడ, 960 ఎక్కడ.

దీనికీ ఒక మూల్యం ఉంది. చుక్క నేను కోరిన చోట పడదు, పెట్టె మధ్యలోనే పడుతుంది. గోడకి అటొకటి ఇటొకటి అన్న సుఖం పోయింది. అదే 3,840 చుక్కలతో పోలిస్తే బొమ్మ డిథరింగ్ కన్నా నాసిగానే ఉంది. కానీ పోల్చాల్సింది చుక్కల్లో కాదు, బైట్లలో. ఇక్కడ చుక్కకి మొత్తం ఖర్చు 7 బిట్లు, అక్కడ దాదాపు 10.7. అదే 5,150 బైట్లలో ఇప్పుడు 5,880 పైచిలుకు చుక్కలు పడతాయి. ఆ రెండు వేల చుక్కలూ చేరాక బొమ్మ ముందుకెళ్లిపోయింది. వల కుప్ప మొదటిసారి వల కుప్పలా కనిపించింది.

మే 20

కనిపెట్టేశానని రెండు రోజులు తిరిగాను. జర్మనీలోని జార్‌లాండ్ విశ్వవిద్యాలయంలో వైకెర్ట్ బృందం 2009లోనే పెట్టెలు కోసే పద్ధతి చేసేసింది. వాళ్లు నింపేది కూడా నాలాగా నాలుగువైపులా సమానంగా కాదు. అంచు ఎటు పోతోందో కనిపెట్టి, అంచు వెంబడి ధారాళంగా, అంచుకి అడ్డంగా పిసినారిగా నింపుతారు. బాగా ఎక్కువ కుదించినప్పుడు జేపెగ్‌ని దాటేసిన బొమ్మలు కూడా చూపించారు. ఈ సంగతి అమ్మకి చెబితే, "నేను పెళ్లికాకముందే చెప్పేను ఆ ముగ్గు" అంది.

ఆ అంచు పద్ధతి నేనూ ఎక్కించాను. నింపేది మా ఇంట్లో ల్యాప్‌టాప్ కాబట్టి ఎంత లెక్కయినా పర్లేదు. బోటు అంచున మెట్లు మెట్లుగా ఉన్నది సాపుగా గీత అయ్యింది.

మే 27

బోర్డు మీదకి మార్చే పని. ఇందులో విశేషం తక్కువ, విసుగు ఎక్కువ. ఈఎస్‌పీ32 కెమెరా బోర్డులో కెమెరాయే పిన్నులన్నీ తినేస్తుంది. మెమరీ కార్డుకి వదిలినవే లోరా మాడ్యూల్‌కి కలుపుకోవాలి. అందులో 12వ పిన్ను కరెంటు వచ్చే క్షణంలో ఎక్కువ వోల్టేజీలో ఉంటే బోర్డు తన ఫ్లాష్ మెమరీ వోల్టేజీని తప్పు అనుకుని లేవనే లేవదు. అది తెలిసేలోపు రెండు రాత్రులు గడిచాయి, ఉక్కపోతకి డాబా మీద పరుపు వేసుకుని టంకం పెట్టాను. తర్వాత బ్రౌనౌట్ రీసెట్లు, అంటే వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మొదట్నుంచి లేవడం. నాసిరకం యూఎస్‌బీ కేబుల్ మారిస్తే ఆగాయి.

జూన్ 3

బోర్డు కోసిన పెట్టెల్ని ల్యాప్‌టాప్ విప్పితే ఆకాశం బాగుంది, ఇసుక బాగుంది, కొండ బాగుంది. బోటు మీద మాత్రం చీమలు పాకినట్టు ఉంది. ఏది ముఖ్యమో అదే చెడింది. రేడియో తప్పా అని రెండింటినీ కేబుల్‌తో కలిపి చూశాను, అదే చీమలు.

పెట్టెని సగం చేసేటప్పుడు బేసి పొడవు వస్తే ఏం చేయాలి? బోర్డు మీద సీ భాషలో సగం వస్తే పైకి సర్దాను. ఇక్కడ పైథాన్‌లో "రౌండ్" వాడాను. పైథాన్ రౌండ్ కచ్చితంగా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది. 7.5 అయితే ఇద్దరూ 8 అంటారు. 3.5 అయితే ఇద్దరూ 4 అంటారు. 2.5 అయితే బోర్డు 3 అంటుంది, పైథాన్ 2 అంటుంది.

320ని సగం చేస్తూ పోండి: 160, 80, 40, 20, 10, 5. ఆ 5 దగ్గర తగాదా. 240 వైపు అయితే 15, తర్వాత 8, 7, అక్కడ ఇద్దరికీ ఒకే జవాబు. అందుకే పెద్ద పెట్టెలున్న ఆకాశంలో ఏ గొడవా లేదు. వెడల్పు 5 దాకా కోసిన చోట, అంటే వివరం ఎక్కువున్న బోటు మీద మాత్రమే చుక్కలు ఒక గడి పక్కకి జరిగాయి. రెండుచోట్లా పూర్ణసంఖ్య భాగహారం పెట్టాక చీమలు పోయాయి. ముగ్గు చెప్పేవాళ్లకీ పెట్టేవాళ్లకీ "సందు చుక్క" అంటే ఒకే అర్థం ఉండాలి మరి.

జూన్ 9

రెండు డాబాల మీద యాంటెనాలు నిలబెట్టాం. స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 9 దగ్గర కుదిరింది, సెకనుకు 1,758 బిట్లు. ప్యాకెట్‌కి 250 బైట్ల చొప్పున మొత్తం 21 ప్యాకెట్లు: కోతల చిట్టా 6, విలువలు 15.

మొదట్లో నేను గొప్పగా చెప్పుకున్న లాభం, ప్యాకెట్ పోయినా పర్లేదన్నది, పెట్టెల పద్ధతితో సగం పోయింది. విలువల ప్యాకెట్ పోతే ఏం కాదు. వరసగా ఉన్న చుక్కలు ఒకే ప్యాకెట్‌లో పడకుండా పదిహేనింట్లోకీ పంచేశాను కాబట్టి, ఒకటి పోతే బొమ్మంతటా పలచగా చుక్కలు తగ్గుతాయి. బావ ఒక ప్యాకెట్ తీసేసిన బొమ్మనీ నిండు బొమ్మనీ పక్కపక్కన చూసి ఏది ఏదో చెప్పలేకపోయాడు. కానీ కోతల చిట్టాలో ఒక్క ప్యాకెట్ పోతే అక్కణ్ణుంచి ఏ పెట్టె ఏదో తెలీదు, జేపెగ్ కథే మళ్లీ.

బొమ్మని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి వేరే చిట్టా పెట్టొచ్చు. నేను మోటు దారి పట్టాను. చిట్టా ఆరు ప్యాకెట్లూ రెండేసి సార్లు పంపుతున్నాను. మొత్తం 27. బొమ్మ రావడానికి అరనిమిషం పైచిలుకు. వస్తూ ఉండగానే నింపి చూపిస్తే, మొదట మబ్బులా వచ్చి మెల్లగా బోటు తేలుతుంది. మా అమ్మ ఈ అరనిమిషమే సీరియల్‌లా చూస్తోంది.

జూన్ 12

21 ప్యాకెట్ల బడ్జెట్ బిగించి ఉంచడం మానేశాను. ఇప్పుడు ప్రతి పెట్టెలోనూ తేడా ఒక హద్దు కిందికి వచ్చేదాకా కోస్తుంది. ఉన్న వివరాన్ని బట్టి ప్యాకెట్లు ఎక్కువా తక్కువా అవుతాయి.

జూన్ 15

అర్ధరాత్రితో నిషేధం అయిపోయింది. చీకటితోనే ఇంజన్లు మొదలయ్యాయట. పొద్దున్న ల్యాప్‌టాప్, రిసీవరు పట్టుకుని బావ వాళ్లింటికి వెళ్లాను, యాంటెనా మేకు బిగించాల్సి ఉంది. బావ వేటకి పోయాడు. వాళ్లమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

బొమ్మ వచ్చింది. 11 ప్యాకెట్లే. ఖాళీ ఇసుక, బోటు లాగిన గాడి, కొండ.

"బోటేదీ?" అంది అత్త.

"వేటకెళ్లాడు కదత్తా."

"తెలుసులే. ఇసకని చూసి ఏం చేసుకుంటాం? వచ్చేటప్పుడు ముందు అదిగో, అటు నుంచి కనబడతాడు. దీన్ని అటు తిప్పు."

తిప్పాను. తెరంతా నీళ్లే, పైగా పొద్దుటి ఎండ తళతళ. ప్యాకెట్లు 40 దాటి ఇంకా వస్తున్నాయి. గాసియన్ మోతాదు మళ్లీ మొదట్నుంచి చూడాలి.